గేజి పెట్టని తొమ్మిదులు

జనవరి 4, 1994

పెట్టె తిరిగొచ్చింది. పోస్టుమాన్ దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి గుమ్మంలో దించి, "ఇటుకలు తెప్పించుకుంటున్నారా మిసెస్ ప్రోబర్ట్?" అన్నాడు. గురి కార్డులే, అన్నీ చిల్లులు పడ్డవేనని చెప్పాను. "చిల్లులు పడితే బరువు తగ్గాలి కదండీ," అన్నాడు. ఈ మనిషి జోకులు రోజూ ఇంతే.

రైఫిలు లీగు కమిటీ ఈ ఏడాది కొత్తగా పెట్టిన పద్ధతి ఇది. పోయిన సీజన్‌లో నేను దిద్దిన కార్డులు పక్క కౌంటీ స్కోరరు క్రంప్ గారికి, ఆయన దిద్దినవి నాకు. కార్డుకు పది బొమ్మలు, బొమ్మకు పది మార్కులు, అన్నిటినీ మళ్లీ దిద్దాలి. షూటర్ల పేర్ల మీదా, వేసిన మార్కుల మీదా కాగితం ముక్కలు అంటించి పంపాలి. నంబరు ఒక్కటే కనబడుతుంది. మళ్లీ దిద్దాక మార్కుల మీది ముక్క ఎత్తి పోల్చుకోవచ్చు. పేరు మీది ముక్క ఎత్తకూడదు. క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని ఆయనవన్నీ దిద్దాను. మూడు తప్పులు దొరికాయి. దొరికినందుకు సంతోషించానని నా డైరీలో నేను రాసుకుంటే ఎవరికి నష్టం.

ఇవాళ వచ్చిన ఆయన ఉత్తరం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"మిసెస్ ప్రోబర్ట్ గారికి. ముప్ఫై ఒక్కరు షూటర్లు, మూడు వందల పది కార్డులు, మూడు వేల నూరు షాట్లు. మీ పని చూడటం నాకు చదువులా అయింది. మీ చేయి ఎంత తేలికో గేజి పెట్టిన రంధ్రాల అంచులే చెబుతున్నాయి. మనిద్దరికీ తేడా వచ్చినవి పన్నెండు. ఒకటి నా పొరపాటు కావచ్చు. మిగతా పదకొండూ పద్నాలుగో నంబరు షూటరువే. అన్నీ తొమ్మిదికీ పదికీ మధ్య ఊగేవి. అన్నిటికీ మీరు తొమ్మిదే వేశారు. నాకు వింతగా తోచింది అది కాదు. ఆ పదకొండింటిలో ఒక్క రంధ్రానికి కూడా గేజి పెట్టిన గుర్తు లేదు. మిగతా ముప్ఫై మందికీ పెట్టారు. నాకు హక్కు లేదు కనక నేనూ పెట్టలేదు. కారణం ఏదో ఉండే ఉంటుంది, తెలుసుకోవాలని ఉంది. విధేయుడు, ఆంబ్రోస్ క్రంప్."

నాకూ తెలుసుకోవాలనే ఉంది. కంటిని నమ్మవద్దని ఇరవై ఏళ్లుగా అందరికీ పాఠం చెప్పేదాన్ని నేను. పెల్లెట్ గుండు దూసుకుపోయాక కాగితం మళ్లీ దగ్గరికి ముడుచుకుంటుంది. రంధ్రం ఉన్నదానికంటే చిన్నగా కనబడుతుంది. కంటితో చూస్తే నష్టపోయేది ఎప్పుడూ షూటరే. అందుకే సందేహం రాగానే రంధ్రంలోకి దిగే ఆ కొలత పుల్లను, గేజిని, పెట్టాలి. అలాంటిది నేను పదకొండుసార్లు ఎలా వదిలేశాను?

పద్నాలుగో నంబరు ఎవరో రిజిస్టరులో చూడాలి.

జనవరి 5

నేను పనిచేసే మిల్లులో తూకం గది లెక్కలు సంవత్సరాంతానివి ఇంకా తెమలలేదు. ఆపిల్ లారీలు ఆగిపోయి నెలైనా కాగితాలు ఆగలేదు. రిజిస్టరు చూడటానికి తీరిక లేదు.

జనవరి 6

గురువారం, క్లబ్బు రోజు. మా ఆయన ఎల్విన్ ఎనిమిది దాటాక వచ్చాడు. రైఫిలు సంచి మూలన పెట్టి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"ఎంత?" అన్నాను.

"నువ్వు చెప్పాలి, నేనెలా చెప్తాను? నా లెక్కకి తొంభై ఏడు."

"బాగానే ఉందిగా."

"తొమ్మిదోదాకా రెండే పోయాయి. పదోది కూడా పోయింది. మామూలే. ఆఖరి దాని దగ్గరికి రాగానే చెయ్యి నాది కాదు డోర్కస్. పందిని నరికిన చెయ్యి, కాగితం ముక్క ముందు వణుకుతోంది."

"వయసు అరవై రెండు. వణకదా మరి?"

"వయసు కాదు. గుండె లేదు నాకు. వంద కొట్టే రకం వేరే ఉంటుంది, నేను ఆ రకం కాదు." తర్వాత బూటు తాడు విప్పుతూ, "రైఫిలు కొంటానన్న ఆ లడ్లో ఊరి మనిషి ఫోన్ చేశాడు. వచ్చే నెల పన్నెండున వచ్చి రైఫిలు చూసుకుంటాట్ట. ఇచ్చేస్తానన్నా," అన్నాడు.

సీజన్ అయ్యాక అమ్ముతానన్నావు కదా అన్నాను. ఇప్పుడైతే ఏం, అప్పుడైతే ఏం అన్నాడు. వంద కొట్టినవాళ్లకు లీగు ఇచ్చే చిన్న వెండి పిన్ను మా క్లబ్బులో నలుగురి కోటు మీద ఉంది. ఎల్విన్ కోటు మీద లేదు. తొంభై తొమ్మిది మాత్రం చాలాసార్లు కొట్టాడు. మాంసం దుకాణం మూసేసి రిటైరయ్యాక ఈ మనిషికి ఉన్న సరదా ఇదొక్కటే. ఇదీ వదిలేస్తే గురువారాలు ఏం చేస్తాడో తెలియదు.

జనవరి 8

ఎల్విన్ కార్డు తపాలాలో వచ్చింది.

ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. మొన్న రాత్రి క్లబ్బులో సాక్షి సంతకం పెట్టించుకుని, కవరులో పెట్టి, స్టాంపు అంటించి, మన వీధి చివర ఉన్న తపాలా డబ్బాలోనే వేస్తాడు. అది హెరెఫర్డ్ దాకా వెళ్లి, ముద్ర వేయించుకుని, తిరిగి మా తలుపు సందులోంచి పడుతుంది. దాన్ని ఎల్విన్ తీసి నా బల్ల మీద పెడతాడు. చేతికి చేతికి ఇస్తే నేను తీసుకోను. ఇరవై ఏళ్లలో ఒక్కసారి మంచు తుఫానులో తపాలా ఆగినప్పుడు ఇవ్వబోయాడు. తీసుకోలేదు. అప్పుడు లీగంతా చెప్పుకున్నారు, డోర్కస్ ప్రోబర్ట్ అంటే అది అని.

దిద్దాను. తొంభై ఏడు. పదో బొమ్మలో రంధ్రం తెల్లచుక్కకు తాకీ తాకనట్టుగా ఉంది. కంటికి తాకనట్టే ఉంది. తొమ్మిది వేశాను.

వేశాక పెన్సిలు కింద పెట్టాను. గేజి నా కుడిచేతి పక్కనే, దాని డబ్బాలో ఉంది.

రిజిస్టరు మేడ మీద ఉంది.

జనవరి 9

క్రంప్ గారి పెట్టె వంటింటి బల్ల మీద బోర్లించాను. ఎల్విన్ చర్చి నుంచి అటే వాళ్ల తమ్ముడి ఇంటికి వెళ్లాడు, మధ్యాహ్నం దాకా రాడు. ఒక పరీక్ష చేద్దామనిపించింది. పోయినేడు నేను గేజి పెట్టిన రంధ్రాలన్నీ లెక్కపెట్టాను. గేజి దిగిన రంధ్రానికి అంచు నున్నగా ఉంటుంది, పక్కన పెన్సిలుతో చిన్న గీత ఉంటుంది, పోల్చుకోవడం తేలిక. ముప్ఫై మందికి కలిపి రెండు వందల పన్నెండు. వాటిలో గేజి పెట్టాక మార్కు పైకి పోయినవి నూట ఇరవై ఒకటి. అంటే సగానికి పైగా.

ఆ లెక్కన పద్నాలుగో నంబరువి పదకొండు ఉంటే, ఆరేడు పదులై ఉండాలి.

లెక్క వేస్తుంటే ఉత్సాహంగా ఉందని దాచుకోవడం ఎందుకు. ఇన్నేళ్లుగా దిద్దుతున్నాను, నన్ను నేను ఎప్పుడూ దిద్దుకోలేదు. మరొకరి తప్పు పట్టినంత కుతూహలంగానే ఉంది. ఆ మరొకరు ఎవరో మాత్రం మేడ మీది రిజిస్టరులో ఉంది, మోకాలు నొప్పి.

జనవరి 10

పద్నాలుగు ఎల్విన్.

మెట్లు ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. ఆ నంబరు అతనికి వేసింది నేనే. క్రంప్ గారి ఉత్తరం చదువుతున్నప్పుడే, పద్నాలుగు అన్న మాట దగ్గరే నాకు తెలుసు. ఆరు రోజులు తీరిక మీదా మోకాలి మీదా నెపం వేశాను.

ఇక్కడ ఒకటి రాసుకోవాలి. నేను స్కోరరునైన మొదటి సంవత్సరం, లీగు డిన్నరు. ఎల్విన్‌కు ఆ రోజు మూడో బహుమతి వచ్చింది. కప్పు అందుకుని వస్తుంటే వెనక బల్ల నుంచి ఒక పెద్దమనిషి, "స్కోరరు పక్కన పడుకునేవాడికి గురి తప్పుతుందా!" అన్నాడు. బల్లంతా గొల్లున నవ్వింది. ఎల్విన్ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చేదాకా చెవులు మండుతూనే ఉన్నాయి.

ఆ మాట అన్నవాడు చనిపోయి తొమ్మిదేళ్లయింది. నేను మాత్రం వాడికి ఇంకా జవాబు చెబుతూనే ఉన్నాను, ఎల్విన్ పాయింట్లతో.

జనవరి 11

పద్నాలుగో నంబరు కార్డులు పదీ మళ్లీ చూశాను. పోయినేడు రెండు తొంభై తొమ్మిదులు. రెండింటిలోనూ పోయిన ఆ ఒక్కటీ పదో బొమ్మే.

జనవరి 12

క్రంప్ గారికి ఉత్తరం రాశాను, చించేశాను. మళ్లీ రాశాను. అందులో "నిబంధనల ప్రకారం అభ్యంతరానికి పద్నాలుగు రోజులే గడువు, షూటరు అభ్యంతరం చెప్పలేదు కనక" అని రాసి ఉంది. ఎంత బాగుందో ఆ వాక్యం! చదువుకుంటే నేనెంత నిఖార్సయిన మనిషినో అనిపించింది. అదీ చించేశాను.

గేజి పెడితే వంద వస్తుందేమోనని భయం. ఉన్నది ఇంతే. తొమ్మిది పదులు వరసగా చూశాక పదో బొమ్మ మీద భూతద్దం పెట్టేటప్పుడు గేజి డబ్బా వైపు చూసేదాన్ని కాదు. సొంత మొగుడికి వంద వేయడమా? కంటికి తొమ్మిదిలా ఉంది కదా, తొమ్మిదే. అలా వేసినప్పుడల్లా నా మీద నాకు గౌరవం కూడా కలిగేది. అదే అన్నిటికంటే సిగ్గుగా ఉంది.

రేపు చెబుతాను.

జనవరి 13

చెప్పాను.

సాయంత్రం ఆరు. ఎల్విన్ క్లబ్బుకు వెళ్లే ముందు సాసేజిలు వేయిస్తున్నాడు. కసాయి పని మానేసినా సాసేజిలు మాత్రం నన్ను ముట్టుకోనివ్వడు.

"ఎల్విన్, కూర్చో. ఒక మాట చెప్పాలి."

"మాడిపోతాయి. నిలబడి వింటాలే, చెప్పు."

"నీ తొమ్మిదులకు నేను గేజి పెట్టలేదు."

"ఏ తొమ్మిదులకి?"

"వేటికీ. ఎప్పుడూ."

అతను గరిటెతో ఒక సాసేజిని అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత పొయ్యి ఆపాడు.

"అంటే ఏమిటి?"

"అంటే కొన్ని పదులై ఉండొచ్చు. తొంభై తొమ్మిదుల్లో కూడా."

నవ్వుతాడనుకున్నాను. ఎల్విన్ దేనికైనా నవ్వుతాడు. పోనీలే అంటాడు, టీ పెట్టనా అంటాడు అనుకున్నాను. నవ్వలేదు. నాకు కంగారు పుట్టి, ఏదో ఒకటి అనాలని, "ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారైనా భూతద్దం పెట్టి చూసుకోలేదా? అందరూ చూసుకుంటారు, గొడవకు కూడా వస్తారు!" అన్నాను. తప్పు అతనిదే అన్నట్టుగా ఉంది నా గొంతు.

"ఎందుకు చూస్తాను?" అన్నాడు. "నువ్వు చూశావుగా."

గరిటె పెనం పక్కన పెట్టాడు.

"పదోదాని దగ్గర చెయ్యి వణుకుతుందనుకున్నా డోర్కస్. దాని కోసం సిగరెట్టు మానేశా. గురువారాలు టీ మానేశా. రెండుసార్లు కొత్త షూటింగు కోటు కుట్టించుకున్నా. పడుకునే ముందు కళ్లు మూసుకుని పదోదే కొడుతుంటా, నీకు తెలుసా? నువ్వు నిద్రపోతున్నాననుకుంటావు. నేను పిరికివాణ్ణని నాకు నేను చెప్పుకుని చెప్పుకుని నిజంగానే వణుకు తెచ్చుకున్నా. ఆ వణుకుతోనే రైఫిలు కూడా అమ్మేస్తున్నా. నువ్వేమో పక్క కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకుంటున్నావు."

"నాకు తెలీదు ఎల్విన్. నిజంగా తెలీదు."

"తెలీకపోవడానికే నీకు గేజి ఇచ్చారా?"

సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ముప్ఫై నాలుగేళ్లలో అతను నా మీద గొంతెత్తడం ఇదే మొదలు. నిజానికి గొంతు ఎత్తనే లేదు. సాసేజిలు పెనంలోనే ఉన్నాయి. నేను తినలేదు, పారేయలేదు.

జనవరి 14

మాట్లాడటం లేదు.

జనవరి 15

ఇవాళా లేదు. తపాలాలో అతని కార్డు వచ్చింది. ఎప్పటిలాగే తీసి నా బల్ల మీద పెట్టాడు. ఎప్పటిలాగే అన్నది తప్పు, నా వైపు చూడకుండా పెట్టాడు. కవరు విప్పలేదు. విప్పే హక్కు నాకు ఉందని అనిపించలేదు.

నాకు ఏడుపు వచ్చింది. వచ్చిందని రాసుకుంటున్నాను, అంతే.

జనవరి 16

మధ్యాహ్నం బీరువా పైనుంచి బిస్కట్ల డబ్బా దించుకొచ్చి నా ముందు పెట్టాడు. సీజన్ అయ్యాక షూటర్లకు తిరిగిచ్చేసే కార్డులు. మంచివి దాచుకున్నాడని నాకు తెలియదు.

"ఏడున్నాయి తొంభై తొమ్మిదులు," అన్నాడు. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

ఇద్దరం కలిసి పరిచాం. మూడు పాత కొలతల కార్డులు, బొమ్మ మారకముందువి. వాటికి ఇప్పటి గేజి పనికిరాదు. అవి ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ మాట చెప్పడం కష్టమైంది. అతను వాటిని తీసి పక్కన పెట్టాడు. మిగిలినవి నాలుగు, క్రంప్ గారి పెట్టెలోని పోయినేటి రెండింటితో కలిపి. నాలుగింటిలోనూ పోయింది పదోదే.

"వరసగా నాలుగూ ఆఖరిదేనా?" అన్నాడు ఎల్విన్. కోపం పోయిందని కాదు, కానీ గొంతులో వింత కూడా ఉంది. "పిరికి ఎవరు, నువ్వా నేనా?"

"నేనే అనుకుంటా."

"అనుకోవడాలు వద్దు. కొలిపించు. ఇప్పుడే పెట్టెయ్యి గేజి."

"నేను పెట్టకూడదు. ఒక్కసారే పెట్టాలి ఎల్విన్, రెండోసారికి రంధ్రం పెద్దదైపోతుంది. ఈసారి ఎటు మొగ్గుతానో నాకే తెలీదు. క్రంప్ గారు పెట్టాలి."

"అయితే పిలువు ఆ క్రంప్‌ని."

జనవరి 22

ఆయన పదింటి బస్సుకు వచ్చారు. ఉత్తరాలను బట్టి పొడుగ్గా, ఎండు మనిషై ఉంటారనుకున్నాను. గుండ్రంగా, ఎర్రటి బుగ్గలతో, రెండు స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. గేజి కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని తెచ్చారు. ముందు కేకు తిన్నారు, ఇంకో ముక్క అడిగి తిన్నారు, చేతులు సబ్బుతో కడుక్కుని అప్పుడు బల్ల దగ్గరికి వచ్చారు.

"పద్నాలుగో నంబరు మీరేనా?" అని ఎల్విన్‌ని ఎగాదిగా చూశారు. "మీ షాట్లన్నీ నాకు తెలుసు. మనిషిని చూడటం ఇదే. మీరు ఊపిరి తొందరగా వదులుతారు కదూ, ఐదోదాని దగ్గర?"

"అది కాగితం చూస్తే తెలుస్తుందా?" అన్నాడు ఎల్విన్.

"చాలా తెలుస్తాయండీ. ఆవిడకి మీకంటే ఎక్కువ తెలుసు. అందుకే ఇబ్బంది పడ్డారు." నా వైపు చూడకుండా అన్నారు. దయగా అన్నారో, చురకగా అన్నారో తెలియలేదు.

సందేహం వచ్చిన షాట్‌ను ఇద్దరు స్కోరర్లు చూడాలి. ఒకరు గేజి పెడతారు. ఇద్దరూ మాట్లాడుకోకుండా విడివిడి చీటీల మీద అంకె రాసి, మడిచి, బల్ల మీద పెట్టాలి. నన్ను వదిలేయమని అడిగాను. క్రంప్ గారు ఒప్పుకోలేదు. "మీరు రాయాలి మిసెస్ ప్రోబర్ట్. లేకపోతే ఇది కొలత కాదు, నేను మీ మీద చెప్పిన తీర్పు అవుతుంది. అలాంటివి చెప్పడానికి నేను బస్సెక్కి రాలేదు," అన్నారు.

మొదటి కార్డు. ఆయన గేజిని రెండు వేళ్లతో నిలువుగా పట్టుకుని, దాని బరువుతోనే దిగేలా వదిలారు. ఎల్విన్ నా భుజం మీదుగా వంగి, "ఏదీ, ఎక్కడ చూడాలి? చుక్కని తాకిందా?" అన్నాడు.

"చుక్కని చూడకు. అందరూ అక్కడే బోల్తా పడతారు. గేజి మెడకి బిళ్ల ఉంది చూడు. ఆ బిళ్ల అంచు ఎనిమిదో గీత దాటిందా లేదా, అదీ చూడాల్సింది. దాటకపోతే పది."

"పది తెలియాలంటే ఎనిమిదిని చూడాలా? ఇరవై ఏళ్లు కొట్టాను, ఎవరూ చెప్పలేదే!"

"నువ్వు అడగలేదుగా."

"నిన్ను అడగాల్సింది చాలా ఉన్నట్టుంది," అన్నాడు. ఆ మాటలో పాత ఎల్విన్ కొంచెం వినబడ్డాడు.

భూతద్దంలోంచి చూశాను. ఎనిమిదో గీత సన్నగా, తెల్లగా, చుట్టూ ఎక్కడా తెగకుండా ఉంది. బిళ్ల దాని లోపలే ఆగింది. పది. ఎవరు చూసినా పది. చీటీ మీద రాస్తుంటే ఒకటి పక్కన సున్న వంకరగా వచ్చింది. క్రంప్ గారి చీటీ విప్పాం. పది.

ఎల్విన్ వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

రెండోది తొమ్మిది, ఇద్దరికీ. బిళ్ల అంచు గీత మీదుగా బయటికి వచ్చేసింది.

మూడోది కష్టమైంది. బిళ్ల అంచు కింది వైపు గీతను కొంచెం మింగినట్టుంది. చూస్తూ చూస్తూ ఉంటే నా చేయి పది రాయడానికి తొందరపడింది. పాపం ఎల్విన్, ఇన్నేళ్లు పోగొట్టాను, ఇదొక్కటి ఇచ్చేస్తే ఏం పోతుంది? ఇలా అనుకున్నాను, అచ్చంగా ఈ మాటలతోనే. అప్పుడు పెన్సిలు ఎత్తేశాను. ఇన్నాళ్లూ తొమ్మిది వేసింది కూడా ఈ చేతే, ఇలాగే, ఎటో ఒక వైపు ఎల్విన్ మొహం చూసి. కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, గీతను మాత్రమే చూశాను. మింగింది. తొమ్మిది రాశాను. క్రంప్ గారిదీ తొమ్మిదే.

నాలుగోది పది.

"వందలు రెండు," అన్నారు క్రంప్ గారు గేజి తుడిచి పెట్టెలో పెడుతూ. "తొంభై మూడు మార్చిలో ఒకటి, తొంభై ఒకటి నవంబరులో ఒకటి. నా సంతకం, మీ సంతకం."

ఎల్విన్ కిటికీ దగ్గరి నుంచే, "ఆ నవంబరుది నాకు గుర్తుంది. ఆ రాత్రి ఇంటికి వచ్చి, నా వల్ల కాదు అన్నాను. నువ్వు కోకో ఇచ్చావు," అన్నాడు.

గుర్తుంది. కోకో ఇచ్చి, తొంభై తొమ్మిది మాత్రం తక్కువా అని ఓదార్చాను కూడా.

బస్సు దాకా క్రంప్ గారిని సాగనంపడానికి ఎల్విన్ వెళ్లాడు. గంటన్నర తర్వాత వచ్చాడు. బస్టాపు మన వీధిలోనే ఉంది.

జనవరి 24

దిద్దుబాటు టైపు చేశాను. ఫలితాల పత్రంలో మొదటి పేజీలో, పైన వేయమన్నాను. "ఇ. ప్రోబర్ట్. రెండు కార్డులు, 99 బదులు 100 అని చదువుకోవాలి. పొరపాటు స్కోరరుది." పొరపాటు అన్న మాట ముందు "అనుకోకుండా జరిగిన" అని టైపు చేశాను, తర్వాత తెల్లరంగు పూసి చెరిపేశాను.

లీగు కార్యదర్శి మిసెస్ స్టాల్‌వర్దీ ఫోన్ చేసింది.

"ఏమిటిది డోర్కస్? అభ్యంతరానికి గడువు పద్నాలుగు రోజులు. రెండేళ్లు దాటింది!"

"అభ్యంతరం చెప్పాల్సింది షూటరు. తప్పు చేసింది స్కోరరు. స్కోరరు తన తప్పు ఒప్పుకోవడానికి గడువు ఏ పేజీలో రాశారో చూపించు, ఊరుకుంటాను."

పుస్తకం తిరగేస్తున్న చప్పుడు వినబడింది. "లేదనుకో," అంది చివరికి. "కానీ ఆలోచించు. జనం ఏమంటారు? ఇన్నాళ్లకి మొగుడికి రెండుసార్లు వంద ఇప్పించుకుంది అనరా?"

"అంటారు," అన్నాను. "అననీ."

మాట బయటికి వచ్చాక అంత భయంగా లేదు. మా క్లబ్బు కార్డులు ఇకనుంచి క్రంప్ గారికి వెళతాయి, ఆయన క్లబ్బువి నాకు. అదీ అడిగాను, సరేనంది. మొన్న పదిహేనున వచ్చిన కవరు, అంతకు ముందు వారం నేను దిద్దిన తొంభై ఏడు కూడా ఆయనకే పంపాను.

జనవరి 27

పిన్ను వచ్చింది. ఎల్విన్ దాన్ని చూసి, సొరుగులో పెట్టాడు. పెట్టుకోవా అంటే, "అది నువ్వు తవ్వి తీసింది. చూద్దాం," అన్నాడు. మాట్లాడుతున్నాడు. సాసేజి నాక్కూడా వేయిస్తున్నాడు. క్షమించాడా అని అడగలేదు, అడిగితే క్షమించాను అనేస్తాడు.

లడ్లో మనిషి పన్నెండునే వస్తానని ఉత్తరం రాశాడు. ఎల్విన్ దానికి జవాబు రాయలేదు. రద్దూ చేయలేదు.

ఫిబ్రవరి 3

క్లబ్బు నుంచి వచ్చాడు. ఎంత అని అడగబోయి ఆగిపోయాను. అతనూ చెప్పలేదు. కవరు తపాలా డబ్బాలో వేసి వచ్చాడు. అది ఇప్పుడు నిజంగానే ఊరు దాటి పోతోంది.

ఫిబ్రవరి 9

క్రంప్ గారి కవరు. ఎల్విన్ పేరు మీద. అల్పాహారం దగ్గర మార్మలేడు కత్తితోనే చించాడు. కార్డు తీసి చూసి, లేచి, నా బల్ల దగ్గరికి వెళ్లి నా భూతద్దం తెచ్చుకున్నాడు. నన్ను అడగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి తన కార్డు తానే చూసుకోవడం. ఒక్కో బొమ్మ మీదా అద్దం పెట్టి, ముక్కు కాగితానికి ఆనేలా వంగి, పదీ చూశాడు. టోస్టు చల్లారిపోయింది.

"తొంభై ఎనిమిది," అన్నాడు. "పోయినవి మూడోది ఒకటి, పదోది ఒకటి."

"గేజి పెట్టారా?"

"అక్కర్లేదు దీనికి. చూడు."

"నేను చూడకూడదు ఎల్విన్. ఆయన దిద్దిన కార్డు అది."

"కొట్టింది నేను. చూడమంటున్నా, చూడు స్కోరరమ్మా."

చూశాను. తెల్లచుక్క ఎక్కడో ఉంది, రంధ్రం ఎక్కడో ఉంది. రెండింటి మధ్య గోరంచు మందాన నలుపు. ఎనిమిదో గీత అక్కర్లేదు, అద్దం కూడా అక్కర్లేదు.

"తొమ్మిది," అన్నాను.

"తొమ్మిదే కదూ?"

"తొమ్మిదే. సందేహమే లేదు."

"లాగేశాను. ట్రిగ్గరు తొందరగా లాగేశాను, నాకు అప్పుడే తెలిసింది." కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొహం చూస్తే వంద కొట్టినవాడిలా ఉన్నాడు. "ఇది నా చెయ్యే డోర్కస్. ఎవరో వేసింది కాదు. దీన్ని నేను సరిచేసుకోగలను."

టీ పూర్తిగా తాగకుండానే హాల్లోకి వెళ్లి లడ్లోకు ఫోన్ తిప్పాడు. నేను టోస్టు పట్టుకుని అలాగే విన్నాను.

"నేనండీ, ప్రోబర్ట్‌ని. పన్నెండున మీరు రానక్కర్లేదు... లేదండీ, ధర గురించి కాదు... రైఫిలుకేం, బ్రహ్మాండంగా ఉంది. కొట్టేవాడికే ఇంకా పని ఉంది."